బాలింత గోలీలు: ఏది ఎప్పుడు మింగాలె?

కాజీపేట_పిల్ల: రెండు నెలల బాలింతకు ఎర్ర ఐరన్ గోలీ, కాల్షియం, బి-కాంప్లెక్స్, వారానికొక 60,000 యూనిట్ల విటమిన్-డి సాషే (పొడి పొట్లం) రాసిండ్రు. అన్నీ పొద్దుగాల ఒక్కపారే వేస్కోవచ్చా? జుట్టు ఊడుతుందని బయోటిన్ కలపొచ్చా?

హన్మకొండ_కౌంటర్: ఐరన్, కాల్షియం కలిపి అస్సలొద్దు. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యది, రెండు గంటలన్న ఎడం ఉండాలె. కాల్షియం 500 మిల్లీగ్రాములది పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి, తిన్నంక. ఐరన్ పగటీలి. సర్కారు గోలీల 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటది. కాన్పయినంక 180 దినాలు, రోజుకొకటి.

ములుగురోడ్_అక్క: చాయ్ మాటేది తమ్మీ? ఐరన్ గోలీకి గంట ముందు, గంట తర్వాత చాయ్ బంద్. అత్తగార్లు పాలతోని మింగిపిస్తరు, అదీ తప్పే. నిమ్మకాయ నీళ్లు మంచిది.

జనగామ_22: సాషే తల్లి తాగుతుంటే పిల్లకు డి చుక్కలెందుకు? దండుగ.

హన్మకొండ_కౌంటర్: ఇగో, ఇట్ల చెప్పే పిల్లల ఎముకలు మెత్తవడ్తున్నయి. తల్లిపాలల్ల డి తక్కువ. పిల్లకు రోజుకు 400 యూనిట్లు వేరేగ పొయ్యాలె.

జనగామ_22: తల్లికి 6,400 యూనిట్లిస్తే పాలతోనే సరిపోతదని 2015ల అమెరికా డాక్టర్లు తేల్చిండ్రు. సదువు అన్నా.

హన్మకొండ_కౌంటర్: సదివిన. అది రోజూ వేసే లెక్క. వారానికొకపారి తాగే సాషేల 60,000ను ఏడుతోని భాగిస్తే రోజు డోసు కాదు. పాలల్లకు పోయే డి3 (విటమిన్-డిల ఒక రకం) రక్తంల ఎక్కువ దినాలు నిలవది. ఇరవై ఏండ్ల సంది కౌంటర్ మీదున్న, నాకు లెక్క చెప్తున్నవా?

ములుగురోడ్_అక్క: కొట్లాట ఆపి సీసా చూడుండ్రి. మిల్లీకి 400ది ఉంటది, 800ది ఉంటది. 800ది అయితే అర మిల్లీయే. ఒక సీసా డ్రాపర్ ఇంకో సీసాకు పెట్టొద్దు, డోసు మారిపోతది. సాషే పిల్లకు నాకియ్యొద్దు. తల్లి గుడ చీటీల రాసినన్ని వారాలే తాగాలె. ఆపకుంట తాగితే రక్తంల కాల్షియం పెరిగి వాంతులు, దూప, మలబద్ధకం.

పరకాల_ల్యాబ్: బయోటిన్ 10 మిల్లీగ్రాములది మింగి థైరాయిడ్ పరీక్షకు రావొద్దు, రిపోర్టు తప్పొస్తది. రెండు దినాల ముందే ఆపుండ్రి.

జనగామ_22: కాడ్‌లివర్ ఆయిల్ (కాడ్ చేప కార్జం నూనె), ఒమేగా-3 గోలీలు ఒకటే అనుకునేటోళ్లు ఇంకా ఉన్నరు. మొదటిదాంట్ల విటమిన్-ఎ ఉంటది, పైలం. మల్టీవిటమిన్‌ల ఉన్నదాంతోని కలిపి రోజుకు 10,000 యూనిట్లు దాటొద్దు.

కాజీపేట_పిల్ల: బి-కాంప్లెక్స్ ఎప్పుడో ఎవ్వరూ చెప్పకపోతిరి.

ములుగురోడ్_అక్క: తిన్నంక, ఎప్పుడైనా. ఒంటేలు పసుపురంగొస్తది, రిబోఫ్లావిన్ (బి2 విటమిన్) అది.