పదేళ్లు దాటిన పోలో జీటీ సస్పెన్షన్: అంతా ఒకేసారి మార్చాలా, పోయినవే మార్చుకుంటూ పోవాలా?

తిరుచానూరు_జీటీ

అందరికీ నమస్తే. నాది 2014 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. రోజూ తిరుపతి నుంచి యేర్పేడు పోయి వస్తా. వీలైనప్పుడల్లా చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు. ఇంజను, గేర్‌బాక్సు ఇప్పటికీ హుషారే. బాధంతా కింద ఉంది.

ముందు ఎడమ పక్క చిన్న గుంతలకే టకటక. గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. హైవే మీద బ్రిడ్జి జాయింట్ దాటగానే వెనక భాగం ఒకసారి ఎగిరి ఊరుకోదు, ఇంకో రెండుసార్లు ఊగుతుంది.

ఒక షెడ్డులో మొత్తం మార్చాల్సిందే అన్నారు. నాలుగు షాకులు, నాలుగు స్ప్రింగులు, స్ట్రట్ (ముందు షాకు, స్ప్రింగు కలిసి ఉండే సెట్టు) మౌంట్లు, చక్రాన్ని కింద బండికి కలిపే లోయర్ ఆర్ములు, లింక్ రాడ్లు, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లు, వెనక యాక్సిల్ బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బర్లు). లేబర్‌తో కలిపి అరవై వేలకు దగ్గర చెప్పారు. ఇంకో షెడ్డులో ఐదు నిమిషాలు చూసి "లింక్ రాడ్లు వేస్తే చాలు, మూడు వేలు" అన్నారు. ఇంత తేడా ఏంటో అర్థం కావట్లేదు. బండి ఇంకో ఐదేళ్లు అమ్మే ఉద్దేశం లేదు. మీరైతే ఏం చేస్తారు?

మొగిలి_మలుపు

అన్నా, అరవై వేలు చెప్పినాయన మాటే నాదీ. ఐదేళ్లు ఉంచుకునే బండికి అతుకుల పని ఎందుకు? స్ట్రట్ బయటికి తీశారంటే స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టి విప్పాల్సిందే. అప్పుడు మౌంటు, బేరింగు, బంప్ స్టాపు (షాకు పూర్తిగా కుంగితే దెబ్బ ఆపే ముక్క), డస్ట్ బూటు అన్నీ చేతికొస్తాయి. వాటిలో సగం పాతవే పెట్టి మూస్తే ఆరు నెలల్లో అదే స్ట్రట్ మళ్లీ కిందికి దించాలి. లేబర్ రెండోసారి, అలైన్‌మెంట్ రెండోసారి, సెలవు రెండోసారి. అదీగాక ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు సస్పెన్షన్‌లో చాలా బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయమంటారు. విప్పిన ప్రతిసారీ ఆ ఖర్చూ ఉంటుంది. పనిలో పనిగా అంతా చేయించుకుని నిశ్చింతగా ఉండు.

పాకాల_పాతబండి

పనిలో పనిగా అనే మాట మీదే సగం షెడ్లు బతుకుతున్నాయి సామీ.

ఆ లిస్టులో నాలుగు స్ప్రింగులు ఎందుకున్నాయో ముందు అడగండి. స్ప్రింగు షాకులాగా అరిగే వస్తువు కాదు. కుంగుతుంది, లేదా విరుగుతుంది. రెండూ ఇంట్లోనే తెలుసుకోవచ్చు. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు టేపు పెట్టి నాలుగు పక్కలా కొలవండి. ముందు ఎడమ, కుడి ఒకటే ఉన్నాయా, వెనక ఎడమ, కుడి ఒకటే ఉన్నాయా చూడండి. తేడా లేకపోతే, చుట్టు ఎక్కడా విరగకపోతే స్ప్రింగుల జోలికి పోవద్దు.

తర్వాత ఆ టకటక. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు వస్తోందా, ఒక్క చక్రమే గుంతలో పడినప్పుడు వస్తోందా? రెండూ కలిసి లేస్తే యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ, లింక్ రాడ్లు ఉండేది దాని చివర్లోనే) మెలిక పడదు, లింక్ రాడ్ మీద పెద్దగా బలం ఉండదు. ఒక పక్కే లేచినప్పుడు శబ్దం వస్తే మొదటి అనుమానం లింక్ రాడ్ మీదే. అది బయటే ఉంటుంది, రెండు నట్లు. దానికోసం స్ట్రట్ దించక్కర్లేదు.

బ్రేక్ వేస్తే లాగడం లోయర్ ఆర్మ్ బుష్ చిరిగినా ఉంటుంది, కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కేది) పిన్ను బిగుసుకున్నా ఉంటుంది. కాసేపు తిప్పి వచ్చి రెండు ముందు చక్రాల దగ్గర వేడి చూడండి. ఒకటి బాగా కాలుతుంటే అది సస్పెన్షన్ గొడవే కాదు. టైర్ల గాలి, టైర్ల వయసు కూడా చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2318 అని ఉంటే 2018 ఇరవై మూడో వారంలో చేసిన టైరు. రాయిలా గట్టిపడిన ఆ టైరు మీద ఎంత మంచి షాకు వేసినా దడదడే.

కపిలతీర్థం_రోడ్డు

నా స్విఫ్ట్ 2011ది, షాకులు ఒక్కసారి కూడా మార్చలేదు. తిరుమల కొండకు ఎన్నోసార్లు పోయొచ్చాను, మలుపుల్లో ఏ ఇబ్బందీ లేదు. బానెట్ మీద నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగిపోతుంది. అంటే బాగున్నట్టే కదా?

మొగిలి_మలుపు

కొండ రోడ్డు సస్పెన్షన్‌కి పరీక్షే కాదన్నా. అక్కడ టైము రూలు ఉంది, పైకి 28 నిమిషాలకు తక్కువ కాకూడదు, కిందికి 40 నిమిషాలకు తక్కువ కాకూడదు. పైకి పోయేది పద్దెనిమిది కిలోమీటర్ల చిల్లర. సగటున నలభై కూడా దాటదు. రోడ్డు చూస్తే నున్నగా ఉంటుంది. ఆ స్పీడుకు ఎద్దుల బండి కూడా మలుపు బాగానే తిరుగుతుంది.

బానెట్ నొక్కే పరీక్షలో పూర్తిగా చచ్చిన షాకు మాత్రమే దొరుకుతుంది. చేత్తో నొక్కితే పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. ఎనభైలో గుంత తగిలితే కదిలే వేగం వేరే. సగం అరిగిన షాకు మొదటి పరీక్ష పాసై రెండో దాంట్లో దొరుకుతుంది. షాకు చేసే పని చక్రాన్ని రోడ్డుకు అంటిపెట్టి ఉంచడం. అంటలేదంటే బ్రేక్ దూరం పెరుగుతుంది, అది డ్రైవరుకు రోజూ కొంచెం కొంచెంగా అలవాటైపోయి తెలియను కూడా తెలియదు.

చిత్తూరు_లో_రైడర్

అరవై వేలు పెట్టి మళ్లీ అదే స్టాక్ (కంపెనీతో వచ్చిన) మెత్తదనం ఎందుకు బ్రో? ఇంకొంచెం వేసుకుంటే కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే షాకు, స్ప్రింగు సెట్టు) వస్తాయి. కనీసం బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు, రబ్బరు బదులు గట్టి పాలీ బుష్‌లు వేయించు. జీటీ అంటే జీటీలాగా ఉండాలి.

పాకాల_పాతబండి

రేణిగుంట దాటి లారీల వెనక రోజూ పోయే బండి తమ్ముడూ ఇది, ట్రాక్ మీద తిరిగేది కాదు. స్టాక్ షాకు మీద పొట్టి స్ప్రింగు వేస్తే చక్రం పైకి లేచే దూరం తగ్గుతుంది. ప్రతి పెద్ద స్పీడ్ బ్రేకర్‌కీ బంప్ స్టాపు మీద కూర్చుంటుంది, షాకు తొందరగా పోతుంది. పాలీ బుష్ గట్టిగానే ఉంటుంది, కాదనను. కానీ రోడ్డు మీది ప్రతి గరుకూ లోపలికి తెస్తుంది, గ్రీజు ఆరితే కిర్రుమంటుంది. ఇంట్లో అమ్మానాన్నలు వెనక కూర్చునే కారుకు అది శిక్ష.

చిత్తూరు_లో_రైడర్

నాది మూడేళ్లుగా లోయరింగ్ మీదే ఉంది. స్పీడ్ బ్రేకర్‌కి కొంచెం వంకరగా ఎక్కిస్తా, అంతే. మలుపులో ఆ నమ్మకం స్టాక్‌లో రాదు.

మొగిలి_మలుపు

ఈ ఒక్క విషయంలో పాకాల అన్నతో ఒప్పుకుంటా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. స్ప్రింగులు ఆ కిందికి వస్తాయా రావా అని వాదించుకోవచ్చు గానీ, యాక్సిడెంట్ క్లెయిమ్ రోజున ఆ వాదన మనం పెట్టుకోకూడదు.

జాకీ_కింద

నేను ఈ పని చేసేవాణ్నే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఇప్పటిదాకా అందరూ ఏ పార్టులు మార్చాలనే మాట్లాడారు. ఎలా బిగించాలో ఎవరూ అడగలేదు. ఏడాదికే మళ్లీ వచ్చే బళ్లలో శానా భాగం అక్కడే చెడుతున్నాయి.

లోయర్ ఆర్మ్ బుష్ అంటే బయట ఒక గొట్టం, లోపల ఒక గొట్టం, మధ్యలో రబ్బరు, మూడూ అతుక్కుని ఉంటాయి. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ ఆడేదంతా రబ్బరు మెలిక పడటం వల్లే. బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతూ ఉంటుంది. ఆ స్థితిలో బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిక పడిపోయి ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నా మెలికే. దాని మీద గుంతలు. పదేళ్లు రావాల్సిన బుష్ ఏడాదికి చిరిగితే కస్టమరు పార్టును తిడతాడు.

అందుకే బోల్టులు ముందు చేత్తో పట్టేంత వరకే తిప్పి, కింద నుంచి జాకీతో ఆర్మ్‌ను బండి బరువు మోసే ఎత్తుకు లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. వెనక యాక్సిల్ బుష్‌లకూ అంతే. షెడ్డుకు పోయినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "బుష్ బోల్టులు ఏ ఎత్తులో బిగిస్తారన్నా?" ఎదుటివాడు మీ మొహం చూస్తే అక్కణ్నించి వచ్చేయండి.

ఇక మీ బండి సంగతి. పోలోలో ముందు స్ట్రట్ కింద నకుల్‌లోకి (చక్రాన్ని పట్టే ముక్క) దూరి ఉంటుంది, దాన్ని విడదీయడానికి ఆ బిగింపును తెరిచే స్ప్రెడర్ ఉండాలి. సుత్తితో కొట్టి దించే చోట ఇవ్వద్దు. వెనక షాకు, స్ప్రింగు విడివిడిగా ఉంటాయి, షాకు మార్చడం తేలిక పని. యాక్సిల్ బుష్‌లు మాత్రం యాక్సిల్ దించి పుల్లర్‌తో లాగాల్సిన పని, లేబర్ గట్టిగానే పడుతుంది. నా పద్ధతి ఏమంటే, ఒకే విప్పుడులో బయటికొచ్చేవి ఒక గుంపు. ముందు స్ట్రట్ గుంపు ఒకటి, ఆర్మ్ గుంపు ఒకటి, వెనక షాకులు ఒకటి, వెనక యాక్సిల్ ఒకటి. గుంపులో ఒకటి పోతే ఆ గుంపంతా మార్చు, రెండు పక్కలా మార్చు. బాగున్న గుంపు జోలికి పోవద్దు. షాకులు ఎప్పుడూ జతగానే. ఎడమ కొత్తది, కుడి పాతది వేస్తే బండి ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా నడుస్తుంది.

పార్టులకు భయం లేదు. పోలో ఇక్కడ 2022లో ఆగినా ఆర్ములు, బుష్‌ల లాంటివి ఫోక్స్‌వ్యాగన్ వెంటో, స్కోడా రాపిడ్‌లతో కలుస్తాయి.

తిరుచానూరు_జీటీ

జాకీ అన్నా, ఆ ప్రశ్న అడిగాను. మొదటి షెడ్డాయన "అదేం తేడా రాదు సార్" అన్నాడు. మూడో చోట ఒక పెద్దాయన అడగకముందే ఆయనే చెప్పాడు, బండి అక్కడే ఇచ్చాను.

విప్పేటప్పుడు పక్కనే ఉన్నా. ముందు ఎడమ స్ట్రట్ కింద సగం వరకు నూనె కారి, దాని మీద దుమ్ము అట్టకట్టింది. డస్ట్ బూటు లాగితే లోపలి బంప్ స్టాపు బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. కుడిది కూడా చిట్లి ఉంది. ఎడమ ఆర్మ్ వెనక బుష్‌లోకి రాడ్డు పెట్టి ఎత్తితే రబ్బరు చిరిగి ఇటు నుంచి అటు కనిపించింది. కాలిపర్లు రెండూ బాగానే జరుగుతున్నాయి. టేపుతో కొలిస్తే స్ప్రింగులు నాలుగూ సమానమే, ఉంచేశాం.

ముందు స్ట్రట్ గుంపంతా, రెండు ఆర్ములు, లింక్ రాడ్లు, వెనక షాకులు, బంప్ స్టాపులు మారుస్తున్నాం. టై రాడ్ ఎండ్లలో ఆట లేదు. వెనక యాక్సిల్ బుష్‌లు చిట్లలేదు, వదిలేశా. అరవైలో ఇరవై తగ్గింది.

మొగిలి_మలుపు

యాక్సిల్ బుష్ వదిలేశావా! రబ్బరుకు కిలోమీటర్లతో పాటు వయసూ లెక్కే అన్నా. పై సంవత్సరం ఈ టైముకు మళ్లీ ఇక్కడే ప్రశ్న పెడతావు చూడు.

పాకాల_పాతబండి

పెడితే పెడతాడు. చిట్లని బుష్‌కు ఇవాళ డబ్బులు పెట్టడం కన్నా అది మేలు. తిరుచానూరు అన్నా, పాత పార్టులన్నీ డిక్కీలో వేయించుకోండి, వదలొద్దు.

జాకీ_కింద

పార్టులు బిగించిన వెంటనే అలైన్‌మెంట్ ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చేయించండి. మిషన్ ఇచ్చే కాగితంలో ముందు చక్రాల క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) ఎడమ, కుడి తేడా చూడండి. ఎక్కువుంటే సబ్‌ఫ్రేమ్ (ఆర్ములు బిగించే కింది ఫ్రేము) కొంచెం జరిపి బిగించాలి, టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగే కోణం) ఒక్కటే సరిచేసి పంపేస్తే ఊరుకోవద్దు. ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.