పద్మిని రీస్టోరేషన్: డోరు సందులు ఎంతవరకు సరిచేయాలి?

ప్రశ్న (కావలి):
నాది 1982 ప్రీమియర్ పద్మిని కారు. పాత పెయింటంతా గీకించేశాను, రేకు బయటపడింది. ఇంజను దించేసి బాడీని స్టాండ్ల మీద పెట్టాం. ఎడమ పక్క ముందు డోరుకీ వెనక డోరుకీ మధ్య సందు పైన 4 ఎంఎం, కింద 7 ఎంఎం ఉంది. హింజులు ఎంత కదిపినా ఒకచోట కుదిరితే ఇంకోచోట పోతోంది. నాలుగు డోర్లూ సమంగా 4 ఎంఎంకి రానిదే ప్రైమర్ కొట్టించబుద్ధి కావట్లేదు. మేస్త్రి లప్పం పెట్టి సరిచేద్దామంటున్నాడు. ఎక్కడ ఆపాలన్నా?

జవాబు (నెల్లూరు):
స్టాండ్ల మీద తీసిన కొలతని లెక్కలోకి తీసుకోవద్దన్నా. పద్మినికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే అన్నీ మోస్తుంది. స్టాండు పెట్టిన చోటుని బట్టి, ఇంజను బరువు ఉందా లేదా అన్నదాన్ని బట్టి అది కాస్త వంగుతుంది. బండిని చక్రాల మీదికి దించి, ఇంజను ఎక్కించి, డోర్లకి లాకులూ బీడింగ్ రబ్బరూ బిగించాక కొలవండి. కొత్త రబ్బరు డోరుని బయటికి నెడుతుంది, అది లేకుండా కుదిర్చిన సందు తర్వాత నిలవదు.

తర్వాత ముందు డోరుని వెనక అంచు పట్టుకుని పైకి లేపండి. ఊగితే హింజు పిన్ను అరిగినట్టే. లేత్ మీద కొత్త పిన్ను, బుష్ చేయించుకుంటే సరి. ఊగకుండా పైన బిగుతుగా, కింద వెడల్పుగా ఉంటే సిల్ (డోర్ల కింద పొడుగునా ఉండే రేకు పెట్టె) మీద అనుమానం పెట్టుకోవాలి. తుప్పుకి సిల్ బలం పోతే బాడీ మధ్యలో కుంగుతుంది. లప్పంతో దాన్ని కప్పితే నాలుగు గుంతలకే మళ్ళీ బయటపడుతుంది. పైగా 3 ఎంఎం దాటిన లప్పం ఎండకీ అదురుకీ పగులుతుంది, అంచుల మీదైతే డోరు తగిలి చిట్లుతుంది. అంచు తక్కువైతే వెల్డింగ్ పోయించి గ్రైండింగ్ చేయించండి.

జవాబు (ఒంగోలు):
పై అన్న చెప్పింది కరెక్టు. నా బెంగ వేరే. మన సముద్రపు గాలికి ఉత్త రేకు అలా వదిలేయకూడదు, రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. డోర్ల లెక్క తేలేదాకా ఆగక్కర్లేదు. తుప్పు తీసి, థిన్నర్‌తో తుడిచి, అదేరోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. వెల్డింగ్ చేయాల్సిన చోట మళ్ళీ గీక్కోవచ్చు. ఒట్టి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చెమ్మని ఆపదు. ఫైనల్ పెయింటు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో వద్దు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు అయితే తెల్లగా పొగబారుతుంది.

ఇక 4 ఎంఎం సంగతి. ఈ బండ్లు ఫ్యాక్టరీ నుంచే సమమైన సందులతో రాలేదు. 1 ఎంఎం అటూఇటూ ఉన్నా, గీత తిన్నగా కనబడుతూ డోరు ఒక్క తోపుకి పడితే చాలు. ఆ పట్టుదల బ్రేకుల మీద పెట్టండి. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వీల్ సిలిండర్ రబ్బర్లు, హోసులు, తుప్పు పట్టిన పైపులు అన్నీ కొత్తవి వేయాలి. అక్కడ మాత్రం రాజీ వద్దు.

ప్రశ్న అడిగినవారు (కావలి):
డోరు ఊగట్లేదు. మధ్య పిల్లర్ అడుగున స్క్రూడ్రైవర్ పొడిస్తే లోపలికి దిగింది.

జవాబు (నెల్లూరు):
అయితే సిల్లే. కోసేముందు డోరు ఖాళీల్లో అడ్డంగా చదరపు పైపులు టాక్ (చిన్న చుక్క వెల్డింగు) వేయించండి, లేకపోతే కోయగానే బాడీ ఇంకా కుంగుతుంది. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది ముట్టుకోవాలి. 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు) షీటు, మిగ్ (తీగతో చేసే గ్యాస్ ఆర్క్) వెల్డింగ్ వాడించండి. టాకులు అంగుళం దూరంలో, ఒకటి ఇటు ఒకటి అటు, చల్లారనిస్తూ వేయించండి. నీళ్ళు పోయే రంధ్రాలు మూయనివ్వొద్దు. సిల్ లోపల తుప్పు పట్టకుండా వ్యాక్స్ కొట్టడం పెయింటింగ్ అయ్యాకే.