అప్‌డేట్: హామ్ రేడియోకి కట్టిన 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ (రెండు వైపులా చాచిన తీగ ఆంటెన్నా) దారికొచ్చింది

పోయిన నెల అడిగాను కదా, మా డాబా మీద కట్టిన ఇన్వర్టెడ్ వీ (తలకిందులైన V ఆకారంలో వాలే డైపోల్) ఆంటెన్నాకి 7.1 మెగాహెర్ట్జ్ (40 మీటర్ల బ్యాండ్) దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరుంటే మంచిది) 3 దాటుతోందని, రిసీవర్‌లో రొద ఎస్9 (సిగ్నల్ బలం చూపే మీటర్‌లో చాలా ఎక్కువ స్థాయి) దగ్గరే ఉంటోందని. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

ముందు తీగ సంగతి. ఒక్కో వైపు 10.4 మీటర్లు వదిలాను. ఆంటెన్నా ఎనలైజర్ పెడితే రెజొనెన్స్ (ఆంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) 6.85 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది, అంటే తీగ ఎక్కువైంది. మీరు చెప్పినట్టే కత్తిరించకుండా కొసలు వెనక్కి మడిచి, అదే తీగకి చుట్టాను. ఐదేసి సెంటీమీటర్ల చొప్పున మడుస్తూ, ప్రతిసారీ కొలుస్తూ పోతే 10.05 మీటర్ల దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.3కి దిగింది. ఆ సాయంత్రం డాబా దిగబుద్ధి కాలేదు.

ఫీడ్ పాయింట్ (ఆంటెన్నాకి కేబుల్ కలిసే చోటు) దగ్గర కోయాక్స్ కేబుల్‌ని నాలుగంగుళాల పీవీసీ పైపు మీద 12 చుట్లు చుట్టి చోక్ (కేబుల్ బయటి పొర మీద రేడియో కరెంటు పారకుండా ఆపే చుట్ట) పెట్టాను. అంతకుముందు కేబుల్ కదిపితే రీడింగ్ మారేది, ఇప్పుడు మారట్లేదు.

రొదతోనే అసలు టెన్షన్. రేడియోని 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ, ఇంటి మెయిన్ ఆపేశాను. గొంతు నొక్కినట్టు రొద పడిపోయింది. తర్వాత ఒక్కో స్విచ్ వేసుకుంటూ వస్తే, దొంగ మెట్ల దగ్గరి ఎల్‌ఈడీ బల్బు! మార్చేశాక ఎస్4కి తగ్గింది.

మొన్న ఉదయం 50 వాట్లతో బెంగళూరు స్టేషన్ నాకు 59 రిపోర్ట్ (మాట స్పష్టత 5, సిగ్నల్ బలం 9) ఇచ్చింది. వానలు మొదలయ్యేలోపు కనెక్టర్లకి సెల్ఫ్ ఫ్యూజింగ్ టేప్ (తనకు తానే అతుక్కుని నీరు చొరకుండా ఆపేది) చుట్టాలి.