సోలార్ స్థలంలో పాత కందకం ఆనవాలు: స్తంభాలు దించొచ్చా?

సోలార్ ప్యానెళ్లు పెట్టబోయే పొలంలో పురావస్తు సర్వే చేయించాం. మాగ్నెటోమీటర్ (నేలలోని అయస్కాంత తేడాలు కొలిచే పరికరం) మ్యాపులో ఒక మూల గుండ్రటి గీత, దాని మధ్యలో నల్లటి మచ్చ కనిపించాయి. పూడిపోయిన కందకం, మట్టి కాలిన పొయ్యి లాంటివి కావచ్చని సర్వేవాళ్లు అంటున్నారు. ఇనుప కంచె పక్కనైతే మ్యాపంతా గజిబిజి, అక్కడేముందో దేవుడికే ఎరుక!

ఇప్పుడు పరీక్ష గోతులు తవ్వాలట. ఆ మూల ఉక్కు స్తంభాలు భూమిలోకి దించకుండా, నేలమీదే కాంక్రీటు దిమ్మెలు పెట్టి ప్యానెళ్లు నిలబెడితే తవ్వకం తప్పుతుందా? దిమ్మెల బరువుకి కిందున్నవి నలిగిపోవా? కేబుళ్లు కూడా పైపైనే వేయొచ్చా? ఆ మూల వదిలేయడమే మేలా? ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి. డిజైన్ ఖరారు చేసే టైం దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.