సమస్యాపూరణం: «చెడిన కారు వలన చేరె సిరులు»

సమస్యాపూరణం అంటే పొసగనట్టు కనిపించే ఒక పాదాన్ని ఇస్తే, దానికి అర్థం కుదిరేలా మిగిలిన పాదాలు రాయడం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదం:

చెడిన కారు వలన చేరె సిరులు

కొత్తగా చేరిన సభ్యుల కోసం లక్షణం ఒకసారి చెబుతాను. బేసి పాదాలలో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరి పాదాలలో ఐదు సూర్యగణాలు ఉండాలి. ప్రతి పాదంలోనూ నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, చెల్లాలి. దానికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండవ అక్షరాల పొత్తు, కూడా చెల్లుతుంది. ప్రాసనియమం లేదు. దీనికి తోడు నేను ఒక షరతు పెట్టాను. పద్యంలో వరంగల్లు ప్రాంతపు దంపతులు ఉండాలి, వారికి పాత కారు ఉండాలి, ఇద్దరూ లెక్క చూసుకొని బతికేవారు కావాలి. అన్యదేశ్యాలకు, అంటే పరభాషా పదాలకు, అభ్యంతరం లేదు. జానుతెనుగును, అంటే జనానికి తెలిసే తేట తెలుగును, కోరుకున్న పాలకుర్తి సోమనాథుని గడ్డ మీద నిలబడి పెట్రోలుకు సంస్కృత పదం వెతకడం నాకు నచ్చని పని.

మొదటి పూరణ (కాజీపేట సభ్యులు)

ఆటొనగరులోన నంగడి తెరచిన
మేస్త్రి యింటి ముందు మెరిసె బండి;
ఊరివారి కెల్ల నొక ఖర్చు పెరిగిన,
చెడిన కారు వలన చేరె సిరులు.

గణాలు, యతులు సరిపోయాయి. «ఆటో»ను «ఆటొ» చేశారు, ఛందస్సు కోసం అన్యదేశ్యాన్ని ఆ మాత్రం కుదించుకోవచ్చు. అయితే సమస్యలోని వైరుధ్యాన్ని మీరు విప్పలేదు, నష్టాన్ని ఒకరి దగ్గర ఉంచి లాభాన్ని మరొకరి చేతిలో పెట్టి తప్పించుకున్నారు. సమస్య చదవగానే నూటికి తొంభై మందికి తట్టే దారి ఇదే. పైగా దంపతులు ఎక్కడా లేరు.

రెండవ పూరణ (హనుమకొండ సభ్యురాలు)

కదలలేదు బండి; కట్టిరి సద్దులు;
పచ్చిపులుసు తోడ పళ్ళె మొప్పె;
పెట్రొలునకు బోవు పెట్టెసొమ్ము మిగుల
చెడిన కారు వలన చేరె సిరులు.

అమ్మా, మొదటి పాదం చాలా బాగుంది. «కదలలేదు బండి, కట్టిరి సద్దులు» అనగానే కారు ఆగిపోవడం, ఆదివారం హోటలు భోజనం మానుకోవడం, పొద్దున్నే వంటింట్లో దీపం వెలగడం, ఈ మూడూ చెప్పకుండానే తెలిసిపోయాయి. రెండవ పాదంలో మాత్రం వంట తప్పింది. చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, నువ్వులపొడి కలిపితే అయిపోయే పచ్చిపులుసుకు మరిగించే పనే లేదు కాబట్టి, గ్యాసు కూడా మిగులుతుందని మీరు ఆలోచించి ఉంటారు. ఆ లెక్క మంచిదే. కానీ సద్ది కట్టామని మొదటి పాదంలో చెప్పి, రెండవ పాదంలో నీళ్ళలాంటి పులుసు పెడితే బస్సులో సంచి తడిసిపోతుంది. పచ్చిపులుసు ఇంట్లో వేడి అన్నంలో పోసుకొని తినేది. సద్దికి తగినది సర్వపిండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి గిన్నె అడుగున నూనె రాసి ఒత్తి కాల్చితే మధ్యాహ్నం దాకా చెడదు, కూర అవసరం లేదు, కారి పడే భయం లేదు. పాదాన్ని ఇలా మార్చి చూడండి:

సర్వపిండి తోడ సంచి నిండె;

*సభ్యురాలి జవాబు:* మీ సవరణ అంగీకరిస్తున్నాను గురువుగారూ. అయితే మా అత్తగారు సద్దికి పచ్చిపులుసు కూడా పంపేవారు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో.

ఆ డబ్బా పద్యంలోకి వస్తే నా ఆక్షేపణ వెనక్కి తీసుకుంటాను.

మూడవ పూరణ (నర్సంపేట సభ్యులు)

మిరపకాయ లింట దంచి కారము జేసి
పొరుగువారి కమ్మ పొసగె సొమ్ము;
ఆదివారమందు నంగడి తిరుగక
చెడిన కారు వలన చేరె సిరులు.

మొదటి పాదంలో యతిభంగం ఉంది, «మి»కి «దం» చెల్లదు. కింద ఒక మిత్రులు «దంచి»ని «మెదిపి»గా మార్చమని సలహా ఇచ్చారు. యతి కుదురుతుంది కానీ వంటిల్లు ఒప్పుకోదు. ఎండుమిరపకాయలను దంచుతారు, ఉడికిన పప్పును మెదుపుతారు. యతి కోసం పనిని అబద్ధం చేయకూడదు. «దంచి»ని కదపకుండా పాదం మొదలునే మార్చుకుందాం:

దండి మిరప యింట దంచి కారము జేసి

మిర్చి అమ్మకాలు సాగే ఎనుమాముల మార్కెట్టు దగ్గరి వారు కాబట్టి ఇంకొక మాట. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాట మిర్చికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఒక్క చపాటనే దంచి అమ్మితే «రంగే తప్ప కారం లేదు» అని పొరుగువారు తిరిగి తెస్తారు. ఘాటు కోసం కొంత తేజ రకం మిర్చి కలపాలి. ఆ కలపడంలోని నేర్పు ఒక పాదంలో చెప్పి ఉంటే ఈ పూరణ స్థాయి పెరిగేది.

నాలుగవ పూరణ (పరకాల మాస్టారు)

పొదుపు వేరు, పిసినబుద్ధి వేరని తెల్పి
నీళ్ళు లేక కాగి నిలిచిపోయి
దారి మధ్య నేర్పె దంపతులకు నీతి;
చెడిన కారు వలన చేరె సిరులు.

మాస్టారూ, ధార నిర్దుష్టంగా ఉంది. రెండవ పాదం ఒక్కటే పద్యాన్ని నిలబెట్టింది. కూలెంటుకు డబ్బెందుకని రేడియేటరును పట్టించుకోని వారికి మే నెల ఎండలో ఇంజను కాగిపోతే సిలిండరు హెడ్డు వంగి, ఆదా చేసిన దానికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. కాగిన రేడియేటరు మూత ఆత్రంగా తెరిస్తే లోపలి ఒత్తిడికి మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి, చల్లారేదాకా ఎదురుచూడాల్సిందే. ఈ భయం, ఆ ఎదురుచూపు మీ చేతిలో ఉండగా, మొదటి, మూడవ పాదాలను నీతికి ధారపోశారు. పైగా నీతి నేర్చినందుకు సిరులు ఎలా చేరాయో పద్యం చెప్పదు.

ఐదవ పూరణ (వరంగల్లు కొత్తవాడ సభ్యురాలు)

వంట సోడ కలిపి వనిత వేన్నీళ్ళతో
తెల్ల బూజు కడుగ తీగె మెరిసె;
బ్యాటరీయె తిరిగి పలుకగా, పని వచ్చె;
చెడిన కారు వలన చేరె సిరులు.

ఈ వారం పద్యం ఇదే. బ్యాటరీ మొనల దగ్గర ఆమ్లపు ఆవిరి వల్ల తెల్లగా పేరుకునే పొట్టు కరెంటును అడ్డుకుంటుంది, బ్యాటరీ బాగున్నా కారు స్టార్టు కాదు. వంట సోడా క్షారం కనుక ఆ ఆమ్లాన్ని నురగలు కక్కించి విరిచేస్తుంది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమే ఇల్లాలికి ఈ తర్కం కొత్తది కాదు, అక్కడ పులుపు చేసే పని ఇక్కడ సోడా చేస్తుంది, అంతే. వంటింటి డబ్బా కారు దాకా నడిచింది. «సిరులు» అంటే మిగిలిన రూపాయలు మాత్రమే కాదు, «పని వచ్చె», అంటే చేతికి వచ్చిన పనితనం అని మూడవ పాదంలో మెత్తగా తేల్చారు. వైరుధ్యం ఇక్కడ నిజంగా విడిపోయింది, ఎందుకంటే కారు చెడకపోతే ఆ పని వచ్చేది కాదు.

రెండు లోపాలు. «బ్యాటరీయె»లో ఏవార్థకం, అంటే నొక్కి చెప్పే «ఎ», గణం నింపడానికే వచ్చింది. «వనిత» సోడా డబ్బా పక్కన కావ్యం నుంచి దారితప్పి వచ్చినట్లుంది, ఆయన ఏం చేస్తున్నాడో కూడా తెలియదు.

*సభ్యురాలి జవాబు:* ఆయన పది నంబరు పానాతో మొనలు విప్పుతున్నారండీ. ముందు మైనస్, తర్వాత ప్లస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. తుడిచి ఆరాక కొంచెం వాజ్లైన్ కూడా రాశాము. పద్యంలో చోటు లేకపోయింది.

అయితే ఆయనకు చోటిద్దాం, గణాలు కూడా ఒప్పుకుంటున్నాయి:

వంట సోడ కలిపి వారు వేన్నీళ్ళతో
తెల్ల బూజు కడుగ తీగె మెరిసె;
బ్యాటరీకి మరల బలము రా, పని వచ్చె;
చెడిన కారు వలన చేరె సిరులు.

*పరకాల మాస్టారు:* నా పద్యంలో నీతి ఉంది, ఆమె పద్యంలో పానా ఉంది. ఓటమి ఒప్పుకుంటున్నాను. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా పైమూతలు బిగించి ఉండాలన్న జాగ్రత్త మాత్రం నా వంతుగా చేరుస్తున్నాను.

చేర్చాము మాస్టారూ. వచ్చే వారానికి సమస్య, ఇదీ ఆటవెలదియే:

మాడినట్టి కూర మధుర మయ్యె

దంపతులు వీరే. బెల్లం, చక్కెర వేసి తప్పించుకోకూడదు.