ఉసిక్‌ని ఆల్‌టైమ్ హెవీవెయిట్లలో ఎక్కడ పెడతారు? టాప్ 5లోనా, 10కి బయటా?

ఎంవీపీ_నైట్‌షిఫ్ట్

సూటిగా అడుగుతున్నాను. ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ హెవీవెయిట్ చరిత్రలో టాప్ 5లో ఉంటాడా, ఉండడా? నా ఓటు ఉంటాడనే.

2012 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం. 2018లో హెవీవెయిట్‌కి ఒక మెట్టు కింది తరగతి క్రూయిజర్‌వెయిట్‌లో నాలుగు బెల్టులూ, అంటే నాలుగు బాక్సింగ్ సంస్థల ప్రపంచ టైటిళ్ళూ, అతని దగ్గరే. తర్వాత హెవీవెయిట్‌కి వచ్చి బ్రిటన్ బాక్సర్లు ముగ్గురిని, జాషువాని రెండుసార్లు, ఫ్యూరీని రెండుసార్లు, డుబోయిస్‌ని రెండుసార్లు కొట్టాడు. 2024 మేలో రియాద్‌లో ఫ్యూరీని ఓడించి బెల్టులన్నీ ఒకే నడుముకి తెచ్చాడు. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత ఇంకెవరివల్లా కాని పని అది. 2025 జులైలో వెంబ్లీలో డుబోయిస్‌ని ఐదో రౌండ్‌లో పడగొట్టేసరికి లెక్క 24 బౌట్లు, 24 గెలుపులు, 15 నాకౌట్లు.

మా ఆఫీసులో మైక్ టైసన్ పేరు తప్ప ఇంకోటి వినేవాడు లేడు. అందుకే ఇక్కడికొచ్చాను.

గాజువాక_గుద్దు

24-0 అని డప్పు కొట్టకు తమ్ముడూ. అందులో హెవీవెయిట్‌వి ఎన్ని? ఎనిమిది. ఆ ఎనిమిదిలో ఆరు ముగ్గురు మనుషులతోనే. మిగిలినవి చాజ్ విదర్‌స్పూన్ ఒకటి, డెరెక్ చిసోరా ఒకటి. చిసోరా మొండివాడే, మొదటి రౌండ్లలో ఉసిక్‌ని ఇబ్బంది కూడా పెట్టాడు, కానీ అతన్ని గెలిచినందుకు ఎవరికీ చరిత్రలో చోటివ్వరు.

ఇక ఆ ముగ్గురి సంగతి. జాషువా 2019లోనే ఆండీ రూయిజ్ చేతిలో చిత్తయ్యాడు. ఫ్యూరీ అయితే ఉసిక్‌కి ముందు బౌట్‌లోనే, ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) నుంచి వచ్చి మొదటిసారి ప్రొఫెషనల్ బాక్సింగ్ చేస్తున్న ఫ్రాన్సిస్ ఎన్‌గానూ దెబ్బకి కింద పడ్డాడు. స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి ఓటుతో, బతికి బయటపడ్డాడు. డుబోయిస్ 2020లో జో జాయిస్ ముందు మోకాలేసి, రిఫరీ పది దాకా వేసే కౌంట్ పూర్తిగా విన్నవాడు. ముగ్గురూ అప్పటికే పగుళ్ళు కనిపించినవాళ్ళు. అమెరికా చాంపియన్ డియాంటే వైల్డర్ మంచి ఊపులో ఉన్న రోజుల్లో అతనితో బౌట్ పడనే లేదు.

ఎనిమిది బౌట్లకే టాప్ 5 ఇచ్చేస్తే జో లూయిస్ 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నది దేనికి? లారీ హోమ్స్ 20 సార్లు నిలబెట్టుకున్నది దేనికి? నా లిస్టులో ఉసిక్ 11 లేదా 12. కోపం వస్తే రానీ.

వాల్తేరు_మెయిల్

గాజువాక బాబు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. కానీ బౌట్లు తక్కువ అన్నది నాకు అంత పెద్ద విషయం కాదు. నాది ఇంకో పేచీ.

మాది మహమ్మద్ అలీ తరం. 1980లో ఆయన మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడితే మా పెద్దన్నయ్య వాల్తేరులో మెయిల్ ఎక్కి వెళ్ళి చూసొచ్చాడు. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఆ కథ వినకుండా కాఫీ అందదు.

ఓడిపోకపోవడమే గొప్ప అనుకోవడం ఈ మధ్య వచ్చిన అలవాటు. అలీ 1971లో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. 1973లో కెన్ నార్టన్ ఆయన దవడ విరగ్గొట్టాడు. ఇద్దరినీ మళ్ళీ రింగులోకి రప్పించి గెలిచాడు. 1974లో కిన్షాసా వెళ్ళేసరికి ఆయనకి 32, ఎదురుగా ఉన్న ఫోర్‌మన్‌కి 25. ఆ ఫోర్‌మన్ అప్పటికే ఫ్రేజియర్‌నీ, నార్టన్‌నీ రెండేసి రౌండ్లలో పడేసి వచ్చాడు. వీటన్నిటికీ ముందు, సైన్యంలో చేరనన్నందుకు 1967 నుంచి మూడేళ్ళకి పైగా ఆయన్ని రింగుకే దూరం పెట్టారు. ఒంట్లో చురుకు బాగా ఉండే వయసు అలా పోయింది.

లెనాక్స్ లూయిస్ కూడా అంతే. 1994లో మెక్‌కాల్, 2001లో రహ్మాన్ పడగొట్టారు. ఇద్దరి బాకీ తీర్చాకే రిటైరయ్యాడు. ఉసిక్ పడి లేచిన రోజు మనం చూడలేదు. చూడకుండా అలీ పక్కన కుర్చీ వేయమంటే నేను వేయను బాబూ.

జగదాంబ_జంక్షన్

అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు గానీ, 2023లో పోలండ్‌లో డుబోయిస్‌తో మొదటి బౌట్ ఎవరికీ గుర్తు లేదా? ఐదో రౌండ్‌లో బొడ్డు దగ్గర పంచ్ తగిలి ఉసిక్ పడిపోతే రిఫరీ అది నడుం పట్టీ కింద పడిన దెబ్బ, చెల్లదని తీసేశాడు. కోలుకోవడానికి దాదాపు నాలుగు నిమిషాలు ఇచ్చారు. రీప్లే ఆపి ఆపి చూశాను, నాకైతే అది సరైన పంచే. ఆ రోజే 24-0లో ఆ సున్నా పోవాల్సింది.

కంచరపాలెం_కార్నర్

వాల్తేరు మాస్టారికి నమస్కారం. పిల్లలకి బాక్సింగ్ నేర్పుతాను, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపే వేళకి రోడ్‌వర్క్ (పరుగు) చేయిస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను. ఓపిక పట్టండి.

ముందు జంక్షన్ గారి మాట. ఆ పంచ్ నడుం పట్టీ మీద పడిందా, కింద పడిందా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి. ఉసిక్ తర్వాత లేచి తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. ఆ తర్వాత డుబోయిస్ ఇదే జాషువాని 2024 సెప్టెంబర్‌లో వెంబ్లీలో ఐదు రౌండ్లలో కూలదోసి, తన జీవితంలోకెల్లా మంచి ఫామ్‌లో ఉసిక్ ముందుకొచ్చాడు. అప్పుడు ఐదు రౌండ్లే పట్టింది. అనుమానం ఉన్న బౌట్‌ని మళ్ళీ ఆడి తేల్చినవాడిని ఇంకేం అడుగుతాం?

ఇప్పుడు గాజువాక గారి ఎనిమిది. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, ఎవరూ పట్టించుకోరు. జో లూయిస్ కాలంలో, 1950ల చాంపియన్ రాకీ మార్సియానో కాలంలో క్రూయిజర్‌వెయిట్ అనే తరగతే లేదు. 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు దాటితే చాలు, హెవీవెయిటే. క్రూయిజర్‌వెయిట్ పుట్టింది 1970ల చివర్లో. మార్సియానో రింగులోకి దిగేది 84 కిలోల దగ్గర. లూయిస్ 1941లో బిల్లీ కాన్‌తో టైటిల్ ఆడితే కాన్ బరువు 79 కిలోలు కూడా నిండలేదు. కాన్ అప్పటిదాకా లైట్ హెవీవెయిట్ చాంపియన్. పాయింట్లలో ముందున్నాడు కూడా, 13వ రౌండ్‌లో ఆశపడి ఎదురెళ్ళి నాకౌటయ్యాడు. ఆ గెలుపు లూయిస్ హెవీవెయిట్ ఖాతాలోనే ఉంది కదా?

అదే కొలత ఉసిక్‌కి పెట్టండి. క్రూయిజర్‌వెయిట్‌లో అతను గెలిచిన గ్లోవాకి, హుక్, బ్రీడిస్, గాసియెవ్, బెల్యూ, అందరూ 79 కిలోలు దాటి ఆడినవాళ్ళే. పాత రూల్‌లో వాళ్ళంతా హెవీవెయిట్లు. రూల్ మారింది కాబట్టి ఉసిక్ చేసిన సగం పని గల్లంతా?

వాళ్ళని ఎక్కడ కొట్టాడో కూడా చూడండి. గ్లోవాకిని పోలండ్‌లో, హుక్‌ని బెర్లిన్‌లో, బ్రీడిస్‌ని రిగాలో, గాసియెవ్‌ని మాస్కోలో, బెల్యూని మాంచెస్టర్‌లో. హెవీవెయిట్‌కి వచ్చాక జాషువాని లండన్‌లో, అరవై వేల మందికి పైగా జాషువా కోసం అరుస్తుండగా. ఎదుటివాడి ఊళ్ళో, ఎదుటివాడి జనం ముందు ఇన్నిసార్లు టైటిల్ ఆడిన చాంపియన్ని ఇంకొకణ్ణి చెప్పండి.

ఆట గురించి రెండు ముక్కలు. ఎడమచేతి వాటం కుర్రాడు జిమ్‌లోకి వస్తే మిగతావాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. అతని ముందు కాలు ఎదుటివాడి ముందు కాలికి బయటివైపు పడితే చాలు, ఎడమచెయ్యి సూటిగా లోపలికి దూరుతుంది, ఎదుటివాడి కుడిచేతికి గురి దొరకదు. మా పిల్లలు దాన్ని ఒక రౌండ్ పట్టుకుంటే సంతోషం. ఉసిక్‌దీ ఎడమచేతి వాటమే, అతను దాన్ని 12 రౌండ్లూ చేస్తాడు, 100 కిలోల ఒంటితో. ఊగే పడవలో నిలబడి వల విసిరేవాడి కాళ్ళు అవి.

గాజువాక_గుద్దు

కోచ్ గారూ, మెలిక బాగుంది. కానీ తక్కెడ రెండువైపులా పెట్టాలి. పాత రూల్‌లో వాళ్ళు హెవీవెయిట్లే, సరే. మరి గాసియెవ్, బ్రీడిస్‌లు మార్సియానో ఓడించిన జెర్సీ జో వాల్కాట్, ఎజార్డ్ చార్ల్స్ స్థాయి వాళ్ళా? తరగతి మారిస్తే పేరు మారుతుంది, మనిషి సత్తా మారదు.

ఇంకో పేరు అందరూ దాటేస్తున్నారు: ఎవాండర్ హోలీఫీల్డ్. మీరు ఉసిక్‌కి దండ వేస్తున్న పని ఆయన ముందే చేశాడు. 1988లో క్రూయిజర్ బెల్టులన్నీ, 1990లో బస్టర్ డగ్లస్‌ని పడగొట్టి హెవీవెయిట్ బెల్టులన్నీ. ఆ తర్వాత ఎవరితో ఆడాడు? ఫోర్‌మన్, హోమ్స్, రిడిక్ బో మూడుసార్లు, టైసన్ రెండుసార్లు, లెనాక్స్ లూయిస్ రెండుసార్లు. అందులో ఓడిపోయినవీ ఉన్నాయి, కెరీర్ మొత్తంలో పది ఓటములు. ఆ పదీ చూసి భయపడేవాళ్ళే 24-0 పట్టుకుని వేలాడతారు.

ఫ్యూరీ మొదటి బౌట్ కూడా తేలిగ్గా తీసుకోకండి. ఇద్దరు జడ్జిలు ఉసిక్‌కి 115-112, 114-113 ఇచ్చారు. మూడో ఆయన ఫ్యూరీకి 114-113. తొమ్మిదో రౌండ్‌లో రిఫరీ కౌంట్ వేశాడు కాబట్టి ఫ్యూరీకి ఇంకో పాయింట్ పోయింది. ఆ ఒక్క పాయింట్ తీసేసి కూడండి: ఒక స్కోర్ కార్డు ఉసిక్‌ది, ఒకటి ఫ్యూరీది, ఒకటి సమానం. డ్రా!

ఎంవీపీ_నైట్‌షిఫ్ట్

అన్నా, ఆ కౌంట్ ఊరికే పడిందా? ఫ్యూరీ ఒక తాడు నుంచి ఇంకో తాడుకి తూలుకుంటూ పోయాడు. తాళ్ళు లేకపోతే ప్రేక్షకుల ఒళ్ళో పడేవాడు. పైగా డిసెంబర్‌లో మళ్ళీ ఆడితే ముగ్గురు జడ్జిలూ 116-112 ఇచ్చారు, ముగ్గురూ ఉసిక్‌కే. ఆ కార్డుల్లో కూడా ఏదైనా తీసి కూడతారా?

వాల్తేరు_మెయిల్

కోచ్ గారి పాత రూల్ మాట నాకు నచ్చింది. అయితే పాత రూల్ అంటే పూర్తిగా పాత రూల్ తేవాలి. అప్పట్లో టైటిల్ బౌట్ 15 రౌండ్లు. 1982లో కొరియా కుర్రాడు డుక్ కూ కిమ్ దెబ్బలకి చనిపోయాక అది 12కి తగ్గింది, తగ్గడం మంచిదే. కానీ 1975లో మనీలాలో ఆ ఎండకి, ఆ ఉక్కకి అలీ, ఫ్రేజియర్ 14 రౌండ్లు కొట్టుకున్నది చూసినవాడికి 12 రౌండ్ల బౌట్ సగంలో ఆపేసినట్టే ఉంటుంది. 1978లో హోమ్స్, నార్టన్ 15వ రౌండ్ దొరికితే చూడండి. అందులో పెట్టి చూడాలి మీ ఉసిక్‌ని.

కంచరపాలెం_కార్నర్

మాస్టారూ, 15 రౌండ్లు అంటే మీరు ఉసిక్‌కే పని సులువు చేస్తున్నారు. ఆఖరి రౌండ్లలో బలపడేవాడు అతను. లండన్‌లో 12వ రౌండ్ అయ్యేసరికి జాషువా తాళ్ళకి ఆనుకుని దెబ్బలు కాచుకుంటున్నాడు. ఇంకో మూడు రౌండ్లు ఉంటే జడ్జిల అవసరం వచ్చేది కాదు.

పడి లేవలేదు అన్నారు. రికార్డులో పడలేదు, నిజం. కానీ రియాద్‌లో ఫ్యూరీతో మొదటి బౌట్‌లో నాలుగు నుంచి ఏడో రౌండ్ దాకా మళ్ళీ చూడండి. అప్పర్‌కట్‌లూ బాడీ పంచ్‌లూ పడి ఉసిక్ వెనక్కి వెళ్తున్నాడు. తనకంటే అరడుగు పొడుగు, 17 కిలోలకి పైగా ఎక్కువ బరువున్నవాడు నవ్వుతూ ఆడుకుంటున్నాడు. అక్కడ నుంచి ఎనిమిది, తొమ్మిది రౌండ్లలో బౌట్ తిప్పేశాడు. ఓడి, ఏడాది శిక్షణ తీసుకుని, తిరిగొచ్చి గెలవడం ఒక గొప్ప. ఓడిపోతున్న బౌట్‌ని అదే రాత్రి కార్నర్‌లో ఒక నిమిషం కూర్చుని లేచి మార్చుకోవడం నా దృష్టిలో అంతకంటే కష్టం. అప్పటికి అతనికి 37 ఏళ్ళు. అదే 37లో జో లూయిస్ మార్సియానో చేతిలో తాళ్ళ బయటికి పడ్డాడు.

అలీ పోయిన మూడేళ్ళు ఎవరూ తిరిగివ్వలేరు, ఆ మాటకి నేను ఎదురు చెప్పను. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఉసిక్ కూడా కీవ్‌లో తుపాకీ పట్టుకుని కాపలా నిలబడ్డాడు. ఆగస్టులో జెడ్డా వెళ్ళి జాషువాని మళ్ళీ ఓడించాడు. రెండూ సమానం అనడం లేదు.

నా లిస్టు చెప్పేస్తాను. అలీ, జో లూయిస్ ఇద్దరినీ ముట్టను. తర్వాత ఫోర్‌మన్, హోమ్స్, లెనాక్స్ లూయిస్. ఆరో స్థానంలో ఉసిక్. మార్సియానో 49-0 గొప్పదే, కానీ అతని పెద్ద గెలుపుల్లో జో లూయిస్‌కి 37, వాల్కాట్‌కి 38, ఆర్చీ మూర్‌కి అంతకు తక్కువ ఉండదు. హోలీఫీల్డ్‌ని ఏడులో పెట్టాను, ఆ పది ఓటముల వల్ల కాదు, రిడిక్ బోతో ఆడిన మూడింట్లో రెండు పోగొట్టుకున్నందుకు. ఉసిక్ ఎవరితోనూ బాకీ పడలేదు. టైసన్‌ని ఎక్కడ పెట్టానని నైట్‌షిఫ్ట్ వాళ్ళ ఆఫీసు అడిగితే పదిలో అని చెప్పండి. గొడవొస్తే నా పేరు చెప్పకండి.

గాజువాక_గుద్దు

హోలీఫీల్డ్ పైన ఉసిక్ అంటే నేను సంతకం పెట్టను. క్రూయిజర్ గెలుపులు సగం విలువకి ఒప్పుకుంటాను, దానికి 11 నుంచి 9కి తెచ్చాను, ఇక కదల్చను. 2025 ఫిబ్రవరిలో జిలై జాంగ్‌ని పడగొట్టిన ఆగిట్ కబాయెల్ లాంటి నాలుగో మనిషిని తీసుకురండి. ఆ ముగ్గురు కాకుండా ఇంకొకణ్ణి, మంచి వయసులో ఉన్నవాణ్ణి కొట్టమనండి, అప్పుడు ఎనిమిది గురించి మాట్లాడదాం.