వినతిపత్రం అనే మాట గురించి

గుంటూరులో ఏ రోజు జిల్లా పేజీ తిరగేసినా ఈ వాక్యం కనిపిస్తుంది: "ధర్నా అనంతరం అధికారికి వినతిపత్రం అందజేశారు."

వినతి అంటే వంగడం. వినమ్రత, వినతుడు అన్నీ ఆ 'నమ్' ధాతువు నుంచి వచ్చినవే. విజ్ఞప్తి అలాంటిది కాదు, అందులో ఉన్నది 'జ్ఞా', తెలియజేయడం. విన్నపం దాని చుట్టమే. అంటే తలవంచకుండా చెప్పే మాట మనకి ఉంది, అయినా వంగే మాటే స్థిరపడింది.

ఇదే జిల్లాలో 1921-22లో పెదనందిపాడు ఫిర్కా (కొన్ని గ్రామాలు కలిసిన రెవెన్యూ విభాగం) రైతులు శిస్తు కట్టలేదు. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన ఆ పోరాటం పేరు పన్నుల నిరాకరణ. నిరాకరణ అంటే తోసిపుచ్చడం. అంతకుముందు కాంగ్రెస్ మితవాదులు ఏళ్ల తరబడి దొరలకి మహజర్లు, అంటే సామూహిక అర్జీలు, పెట్టుకున్నవాళ్లే. వినతితో మొదలై నిరాకరణ దాకా నడిచారు.

మేం వెనక్కి నడిచాం. నేను కౌలురైతుల కోసం పనిచేసిన సంఘంలో ప్రెస్‌నోట్లు నేనే రాసేవాణ్ణి. మొదట్లో "డిమాండ్ చేస్తున్నాం". తర్వాత "కోరుతున్నాం". ఒకసారి మా పెద్దాయన కాగితం చూసి, "సవినయంగా మనవి అని రాయి, లోపలికి పిలిచి కూర్చోబెడతారు" అన్నాడు. పిలిచారు, కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. బయట ఎండలో రెండొందల మంది నిలబడి ఉన్నారు. మరుసటి ఏడు మేమే ధర్నా వద్దనుకున్నాం, ఆ కుర్చీ పోతుందేమోనని. ఆ 'సవినయంగా మనవి' నా చేత్తో రాశాను, అది ఇప్పటికీ బాధే.

వ్యాఖ్య: మాట మీద అంత బరువు పెట్టకండి మాష్టారూ. కాగితం ఇవ్వకపోతే సమస్య రికార్డులోకే ఎక్కదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టేవాళ్లందరూ వంగినట్టేనా?

జవాబు: కాదండీ. పింఛను ఆగిన ముసలమ్మ అర్జీ పెట్టుకోవడంలో తప్పేముంది? ఆమె ఒక్కతే, ఆమెకున్న దారి అది. వెయ్యి మంది కలిసి వచ్చినప్పుడు కూడా ఆ ఒంటరి మనిషి భాషే మాట్లాడితే, కలిసి రావడం దేనికి? కాగితం ఇద్దాం. కార్మిక సంఘాల్లో అలాంటి కాగితాన్ని 'కోర్కెల పత్రం' అనేవాళ్లు. మీ ఊళ్లో ఆ మాట ఇంకా ఎవరైనా రాస్తున్నారా?